రెండున్నర మాటలు

ఆయన పోయిన కబురు నాకు చింతపండు బేరం మధ్యలో తెలిసింది.

రామయ్యపట్నం నుంచి ఎండుచేపల గంపతో బరంపురం వచ్చి, గంప ఖాళీ అయ్యాక మా కొట్టు దగ్గర ఆగే ముసలామె ఒకామె ఉంది. కొనేది వీశెడు చింతపండు. వంకలు పెట్టేది మాత్రం బస్తాడు. ఆ రోజు గింజ ఎక్కువుందంది. గింజ లేని చింతచెట్టు మీ ఊళ్ళో ఉంటే చూపించమన్నాను. తడిగా ఉందంది. చేతికి తడి అంటితే ఊరికే పట్టుకుపొమ్మన్నాను. అలా ఇద్దరమూ సుఖంగా ఉన్న సమయంలో, ఆమె చేతిలోని ముద్దని తట్టలో వదిలేసి, "మా తమ్ముడు పోనాడు బావూ. నిన్న పొద్దుట," అంది.

నా నోరు అప్పటికింకా బేరంలోంచి దిగలేదు. "సరే, ఇంకో కానీ తగ్గిస్తాలే," అన్నాను.

అనేశాక ఆ మాట నా చెవిన పడింది. నాకు అన్నప్రాసన నాడు పుస్తకమూ బంగారమూ ముందు పెడితే తక్కెడ వైపు పాకానట. నోరు అప్పటినుంచీ అలాగే తయారైంది. ఆమె కోప్పడలేదు. చెంగుతో ముక్కు తుడుచుకుంటూ, "తగ్గించు," అంది. "పన్నెండో రోజు భోజనాలున్నాయి. నువ్వు రావాల."

ఆ తమ్ముడు మా కొట్టుకి పదిహేడేళ్ళు పసుపు కొనిపెట్టిన మనిషి. పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే అప్పు అడగడానికి వచ్చారేమో అన్నట్టు చూసేవాడు. బజారంతా 'మావా' అనేది. నేనూ మావా అనే పిలిచాను. ఆయన నన్ను 'సినబావూ' అనేవాడు. నాకు మీసాలొచ్చి, పెళ్ళయి, ముందు జుట్టు పలచబడ్డాక కూడా సినబావునే.

ఎండుచేపల గంపల మధ్య పుట్టిన మనిషి పసుపులోకి ఎలా వచ్చాడంటే, దానికి మా నాన్నే కారణం. ఒకసారి నాన్న ఇచ్ఛాపురం సంతలో చింతపండు బస్తాలు దింపుకుని కూర్చున్నాడు. ఈయన కొనడానికి వచ్చాడు. వచ్చి, ఆ చింతపండుకి ఒకదాని తరవాత ఒకటి వంకలు పెడుతుంటే, కాసేపటికి నాన్నకి ఆ సరుకు తనదని చెప్పుకోడానికే సిగ్గేసిందట. అడిగిన ధరకి ఇచ్చేసి ఇంటికొచ్చి, "ఈ నోరు మనకి ఎదటి పక్షాన ఉండకూడదు," అని, మర్నాడే మనిషిని పంపించి పనిలో పెట్టుకున్నాడు.

మావ ముక్కు కొన ఎప్పుడూ పచ్చగా ఉండేది. ఆలోచన వస్తే ముక్కు రుద్దుకునే అలవాటు, చేతికేమో ఎప్పుడూ పసుపు. పండక్కి తలంటుకున్నా అది పోయేది కాదు. మా ఇంట్లో ఆయన టీ తాగిన గ్లాసులన్నిటికీ పచ్చటి వేలిముద్రలు పడేవి. మా అమ్మ వాటిని వేరే గూట్లో పెట్టి, "పేరంటానికి పిలవకపోయినా బొట్టు పెట్టి పోతున్నాడు," అనేది.

పురుషోత్తంపూర్ సంతకి మేం ముందు రోజే బండి కట్టించేవాళ్ళం. తెల్లారేసరికి కొండల మీద నుంచి దిగిన రైతులు గోనెలు వరసగా పెట్టుకుని కూచునేవారు. మావ ఆ వరస ఈ చివరనించి ఆ చివరకి ఒకసారి నడిచేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ అనకుండా. నచ్చని సరుకు దగ్గర ఆగేవాడు కాదు. ఎంత పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. నచ్చిన గోనె దగ్గర మాత్రం గొంతుక్కూచుని, ఒక కొమ్ము తీసి, టక్కుమని విరిచి, లోపలి రంగు చూసి, వాసన చూసి, అప్పుడు మొదలుపెట్టేవాడు.

"ఏటిది? పసుపా? పసుపని నీకెవులు సెప్పినారు?"

అక్కడినుంచి ఇక ఆగేవాడు కాదు. ఉడకపెట్టిన వాణ్ణి, ఎండబెట్టిన వాణ్ణి, మోసుకొచ్చిన దున్నని, ఆ ఏడు కురిసిన వానని, ఎవరినీ వదిలేవాడు కాదు. కొండరైతులు ఒక్కరూ బాధపడగా నేను చూడలేదు. పైగా ఒకరి మోచేతిని ఒకరు పొడుచుకుని, "బాబు గాళి దేలే!" అని ఒడియాలో సంబరపడేవారు. బాబు తిట్టాడు అంటే, బాబు కొంటాడు. అంత బాగా తిట్టాడంటే వరసలో అన్నిటికన్నా మంచి సరుకు అదే. సంతలో మిగతా కొనుగోలుదార్లు కూడా మావ నోరు ఎక్కడ తెరుచుకుంటుందో చూసి అక్కడికి పరుగెత్తేవారు.

నేను ఒకసారి అడిగాను, "చెత్త సరుకుని ఎందుకు తిట్టవు మావా?" అని.

"దాంతో నాకేటి పని బావూ? కొనుక్కునేదానికే కదా వంక పెట్టాల."

నేను కూడా బేరగాణ్ణే. మంగలితోనూ బేరమాడాను, పురోహితుడితోనూ ఆడాను, జ్వరమొచ్చినప్పుడు వైద్యుడితో మాత్రలు ఆరొద్దు నాలుగు చాలని ఆడాను. కానీ నాది ఎత్తుల బేరం. తక్కువ చెప్పి, లేచిపోయి, వెనక్కి తిరిగి చూడకుండా పది అడుగులు వేసి, పిలుపు కోసం చెవులు రిక్కించే బేరం. మావది అలా కాదు. ఆయన సరుకులో నిజంగా ఉన్న లోపాన్నే అనేవాడు. లేనిది ఒక్కటీ కల్పించేవాడు కాదు. అది నాకు ఎప్పటికీ పట్టుబడలేదు.

అలాంటి మనిషికి నలుగురిలో నిలబడి మాట్లాడ్డమంటే భయం.

ఆ భయం మామూలుది కాదు. పెళ్ళిలో 'మీరూ ఒక మాట చెప్పండి' అంటే చెప్పులు వదిలేసి పారిపోయిన మనిషి. సంతలో వందమంది విన్నా ఫరవాలేదు, ఎందుకంటే అక్కడ ఆయన గొంతుక్కూచుని గోనెతో మాట్లాడుతున్నాడు, జనం పక్కనించి వింటున్నారు. నిలబడి జనంతో మాట్లాడాలంటే మోకాళ్ళు అదిరేవి. ఇది మాకు తెలిసినా అలా నిలబడే అవసరం ఎప్పుడూ రాలేదు. ఒక్క ఏడు మాత్రం వచ్చింది.

మేమింకా మద్రాసు గవర్నమెంటు కిందే ఉన్న రోజులు. మా పసుపు గోపాలపూర్‌లో ఓడెక్కి రంగూన్ పోయేది. ఆ ఏడు రంగూన్ వర్తకుడు చేతులెత్తేశాడు. గోదాములో సరుకు పైకప్పు దాకా ఉంది. అప్పుడే ఒక తెల్లవాళ్ళ కంపెనీ మన జిల్లాలో ఒక్క కొట్టుని ఎంచుకుని ఏటేటా పసుపు తీసుకుంటుందని కబురొచ్చింది. వాళ్ళ ఏజెంటు దొర బరంపురం స్టేషను దగ్గర బంగళాలో దిగుతాడు. వర్తకులంతా నమూనాలు పట్టుకుని రావాలి. ఒక్కొక్క కొట్టువాళ్ళూ నిలబడి తమ సరుకు గురించి పది నిమిషాలు చెప్పుకోవాలి. మాట్లాడేది యజమాని కాకూడదు, సంతలో స్వయంగా సరుకు కొనే మనిషే అయ్యుండాలి. ఉత్తరంలో ఆ మాట కింద గీత కూడా గీశారు.

నాన్న ఆ ఉత్తరం చదివించుకుని, మావని పిలిచి, గల్లాపెట్టె పక్కన కూచోబెట్టాడు.

"చూడు. ఇది వస్తే పసుపు ఉంటుంది. రాకపోతే ఉన్నది ఎంతకో అంతకి తోసేసి, వచ్చే ఏటినించి కిరాణా ఒక్కటే. పసుపే లేకపోతే నీకు నా దగ్గర ఏం పని చూపించను?"

నాన్న ఇది బెదిరింపుగా అనలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. మావకి అప్పటికి యాభై దాటాయి. కళ్ళకి దూరం ఆనడం లేదు. గంప నెత్తిన పెట్టుకునే వయసు కాదు, పడవెక్కే వయసు అసలే కాదు. ఆయన ముక్కు రుద్దుకుని, "దొర దగ్గర నిలబడాలా?" అని మాత్రం అడిగాడు.

"నిలబడాలి."

"కూకుంటే కాదేటి?"

నాన్న ఉత్తరం మడిచి గల్లాపెట్టెలో వేశాడు. నేనున్నానన్నాను. నాకు ఆ వయసులో నా తెలివి మీద చాలా నమ్మకం.

బేరం పెట్టాను. ఎంత భయానికైనా అడుగు ధర ఒకటుంటుందని నా లెక్క.

"పది నిమిషాలు వద్దు మావా. పది మాటలు చెప్పు చాలు."

"రెండు."

"రెండేమిటి? ఎనిమిది."

"రెండు సెప్తాను. 'దండం దొరా.'"

"అది ఎలాగూ చెప్పాలి. ఆరు."

చాలాసేపు ముక్కు రుద్దుకున్నాడు. "రెండున్నర," అన్నాడు.

"అరమాట ఏమిటి మావా?"

"దగ్గుతాను."

నవ్వకుండా ఉండడానికి నేను గోదాము బయటికి వెళ్ళి రావలసి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే ఆయన నవ్వడం లేదు. అరచేతులు పంచెకి తుడుచుకుంటున్నాడు. పంచె మీద రెండు పచ్చటి అరచేతులు.

నాలుగు వాక్యాలు రాసిచ్చాను. చదువు రాదు కనక చదివి వినిపించి వల్లె వేయించాను. 'మా సరుకు శ్రేష్ఠమైనది. రంగూ రుచీ గలది. ఎంతో నమ్మకమైనది. మా కొట్టు మాట తప్పదు.' ఇందులో ఒక్కటి కూడా ఆయన నోట్లోంచి మనిషి మాటలా వచ్చేది కాదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయేవాడు.

"సేస్ఠ... సేష్ట... బావూ, ఈ మాట ఎవులైనా అంతారా?"

"అంటారు. వర్తకులంతా అంటారు."

"నాకు పొగడ్డం రాదు బావూ. సెమట్లొస్తన్నాయి. మాయమ్మ నన్నే ఎప్పుడూ పొగడనేదు. పసుపునెలగ పొగిడేది?"

గోదాములో గోనెలు వరసగా నిలబెట్టి, వాటి మీద తలపాగాలు పెట్టాను. ఒకదాని మీద నాన్న టోపీ పెట్టి అది దొర అన్నాను. వాటి ముందు నిలబడి చెప్పమన్నాను. మావ నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. నీళ్ళు తాగాడు. బయటికెళ్ళొచ్చాడు. మళ్ళీ నిలబడి, "ఆ మూల గోనె నవ్వుతున్నట్టుంది బావూ," అన్నాడు. మూల గోనె తీసేశాను. పక్కది గుసగుసలాడుతోందన్నాడు. అలా ఒక్కొక్కటీ తీసేసి చివరికి టోపీ గోనె ఒక్కటే మిగిల్చాను. దానికి దండం పెట్టి, దగ్గి, కూచుండిపోయాడు. రెండున్నర మాటలు అయిపోయాయి.

శొంఠి కషాయం ఇప్పించాను. మా అమ్మ నిమ్మకాయ దిష్టి తీసింది. ఒకరు గులకరాళ్ళు నోట్లో పెట్టుకోమన్నారు, ఒకరు దొరని బట్టలు లేకుండా ఊహించుకోమన్నారు. ఆ రెండోది చెప్పగానే మావ ఇంకా భయపడ్డాడు. వారం రోజుల్లో మనిషి ఎండిన దుంపలా అయిపోయాడు. అన్నం సహించడం లేదని ఆయన అక్క గంప దించి నాతో దెబ్బలాడింది. "మాటలు రానోడికి మాటలు నేర్పుతావేటి? నీకు గానీ ఈదడం వస్తాదా, సముద్రంలో తోస్తే?" నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే బంగళాకి వెళ్ళాం. వరండాలో బల్లలు. ముందు దొర, పక్కన దుబాసీ, మా జిల్లా వర్తకులంతా తలపాగాలతో, వాళ్ళ వెనక నేనూ నాన్నా. బల్ల మీద మా నమూనాలు అయిదు గిన్నెల్లో. మాకు ముందు రంభ అనే ఊరి నుంచి వచ్చిన కొట్టు మనిషి లేచాడు. ఏం మాట్లాడాడో! వాడి పసుపు పూర్వజన్మలో బంగారమట. దొర తల ఊపుతున్నాడు. మావ చెయ్యి నా చేతిలో ఉంది. కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉంది.

"ఎలిపోదుమేటి బావూ?" అన్నాడు మెల్లిగా.

అప్పుడు నాకు ఆ సలహా తట్టింది. ఇప్పటికీ ఎవరైనా నన్ను తెలివైనవాడంటే నాకు అదే గుర్తొస్తుంది.

"జనాన్ని చూడకు మావా. నేను రాసిచ్చింది మర్చిపో. కొమ్ము ఒకటి చేతిలోకి తీసుకో. విరువు. పురుషోత్తంపూర్ సంతలో ఉన్నాననుకో. అంతే."

మా పేరు పిలిచారు. మావ లేచాడు. దండం పెట్టాడు. దగ్గాడు. ఆ తరవాత ఎంతసేపో తెలీదు, వరండాలో పావురాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పంచె అంచు అదరడం వెనకనించి నాకు కనపడుతోంది. దుబాసీ, "చెప్పవయ్యా," అన్నాడు. ఎవరో ముసిముసిగా నవ్వారు. నాన్న తల దించుకున్నాడు.

మావ చెయ్యి చాపి మొదటి గిన్నెలోంచి ఒక కొమ్ము తీశాడు. టక్కుమంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. భుజాలు దిగాయి. మోకాళ్ళు ఆగాయి. నా సలహా ఇంత పనిచేసిందని నేను పొంగిపోయాను.

"ఏటిది?" అన్నాడు మావ, ఖంగున. "పసుపా? పసుపని నీకెవులు సెప్పినారు?"

నేను కూచున్నచోటి నుంచి సగం లేచాను.

"ఈ మొన సూడు. ఉడకబెట్టినోడు మద్దెలో లేచి పెళ్ళికెల్లిపోనాడు. ఓ పక్క ఉడికినాది, ఓ పక్క పచ్చి. ఇదిగో, ఈడ పుచ్చు. పురుగు తిన్నాక మిగిలింది మనకమ్ముతారేటి? మెరుగు పట్టినావు, ఏం మెరుగది? మన్ను రాలనేదు. మన్ను కావాలంతే నాను మా ఊళ్ళో తవ్వుకోనా?"

దుబాసీ మొదట తడబడ్డాడు. తరవాత రుచి తగిలి, గబగబా ఇంగ్లీషులోకి దింపేస్తున్నాడు. దొర కలం తీశాడు. మావ రెండో గిన్నెకి వెళ్ళాడు. గొంతులో ఎక్కడా వణుకు లేదు. అంత నిబ్బరంగా, అంత ఇంపుగా ఆయన సంతలో కూడా మాట్లాడలేదు. నేను దగ్గాను. గట్టిగా దగ్గాను. అది మెచ్చుకోలు అనుకున్నాడేమో, వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపి మూడో గిన్నెకి వెళ్ళాడు. పంచె పట్టుకు లాగాను. బంగళా వరండాలో పదిమంది ముందు ఒక పెద్దమనిషి పంచె ఎంతవరకు లాగగలం? వదిలేశాను. ఒక దశలో దొర ఏదో అడగబోతే, "ఓలబ్బాయ్, నువ్వలగ అమాయకుడిలాగ సూడకు," అని దొరనే గదమాయించాడు. బల్లలు బల్లలుగా నవ్వారు. రంభ మనిషి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అయిదు గిన్నెలూ అయ్యాయి. ఏ ఒక్కదానికీ లేని లోపం అంటగట్టలేదు. ఉన్నది ఒక్కటీ వదల్లేదు.

వచ్చి నా పక్కన కూచున్నాడు. ఒళ్ళంతా చెమట, మొహమంతా వెలుగు. పచ్చటి ముక్కు కొన నా చెవి దగ్గరకి తెచ్చి, "ఎలగుంది బావూ? భయం పోనాది!" అన్నాడు.

అటుపక్క నాన్న కాళ్ళ మధ్య నేలని చూస్తున్నాడు. ఇటుపక్క ఈయన చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూస్తున్నాడు.

"బాగుంది మావా," అన్నాను. "చాలా బాగుంది."

తిరుగుదారిలో రైలు గేటు వేసి ఉంటే బండి ఆగింది. గూడ్సు ఒకటి మెల్లిగా పోతోంది. మావ దానివైపే చూస్తూ, సగం పెట్టెలు పోయాక, "బావూ," అన్నాడు. "నానేటన్నానూ?"

నేను మిగిలిన పెట్టెలు లెక్కపెట్టాను. ఆయన మళ్ళీ అడగలేదు. గూడ్సు పోయింది, గేటు తీశారు, బండి కదిలింది. ఇంటికొచ్చేదాకా ఆయన తన అరచేతుల వైపే చూసుకుంటూ కూచున్నాడు.

కంపెనీ రంభ కొట్టుని ఎంచుకుంది. నాన్న మావని ఒక్క మాటా అనలేదు. "పదిహేడేళ్ళు మనకి తిండి పెట్టిన నోరే కదా అది," అన్నాడు నాతో. దాంతో నేను ధైర్యం తెచ్చుకుని, కిరాణాలో ఏదో ఒక మూల మావని ఉంచమని అడిగాను. పప్పులు చూస్తాడన్నాను, చింతపండు చూస్తాడన్నాను, ఊరికే కూచుంటాడన్నాను. రాళ్ళలోంచి నూనె పిండగలనని పేరు తెచ్చుకున్నవాణ్ణి. మా నాన్న దగ్గర ఒక్క అంగుళం లాగలేకపోయాను. ఆయనా బేరంలోనే పెరిగాడు మరి. "వాడికి ఊరికే కూచోడం చేతకాదురా," అన్నాడు. అది నిజం కూడాను.

బేరమాడవలసిన మొదటి మాట మాత్రం నేను నాన్నతో చెప్పనేలేదు. సంతలో ఉన్నాననుకోమని సలహా ఇచ్చింది నేనని. మావ కూడా ఎవరికీ చెప్పలేదు. బజారులో ఆ కథ ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వారు. నన్నెవరూ దాంట్లో కలపలేదు. అప్పుడప్పుడు నేనూ నవ్వాను.

మావ తన ఊరికి వెళ్ళిపోయాక ఒక్కసారే కలిశాను. పనిమీద ఇచ్ఛాపురం వెళ్ళి, తిరుగుదారిలో బండి రామయ్యపట్నం వైపు తిప్పించాను. ఇసకలో చేపలు ఎండేశారు. మావ గొడుగు వేసుకుని కాకుల్ని తోలుతున్నాడు. ముక్కు కొన తెల్లగా ఉంది. ఎంత చూసినా ఆ మొహం వేరేవాళ్ళదిలా ఉంది.

అక్క గంపలో పెట్టబోయే చేప ఒకటి తీసి, "ఎలా ఉంది మావా సరుకు?" అన్నాను, మాట కలపడానికి.

"బాగుంది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చెప్పవలసింది గబగబా చెప్పేశాను. తప్పు నాదని, ఆ సలహా నాదని, నాన్నకి చెప్పకుండా దాచానని. మావ కాకిని తోలి, గొడుగు ఆ భుజం మీదనించి ఈ భుజం మీదకి మార్చుకున్నాడు.

"నీ సలహాకేటి బావూ, మంచిదే. నా జనమలో ఒక్కసారే భయం పోనాది. నువ్వే పోగొట్టినావు." నా వైపు తిరిగి, "ఎంత బాగా మాటాడినాను కదా?" అన్నాడు.

అవునన్నాను. అంతకన్నా ఏం చెయ్యగలను? ఆ ఒక్కటీ నిజమే.

పన్నెండో రోజున వెళ్ళాను. మా వాళ్ళు ఆ ఊళ్ళో నీళ్ళు ముట్టరు కనక, మధ్యేమార్గంగా కొబ్బరిబొండం తాగి పందిట్లో ఒక మూల కూచున్నాను. ఇక్కడ కూడా బేరమే. భోజనాలయ్యాక కులపెద్ద లేచి, "బరంపురం సావుకారు బావు మన మావ గురించి రెండు మాటలు సెప్తారు," అన్నాడు.

నా జేబులో కాగితం ఉంది. ముందే రాసుకొచ్చాను. శ్రేష్ఠుడు, నమ్మకస్తుడు, మాట తప్పనివాడు. లేచి కాగితం విప్పాను. పందిరినిండా మొహాలు. బజారులో నలభై ఏళ్ళు గొంతు చించుకున్న నాకు, నోరు సున్నం పూసినట్టు ఎండిపోయింది. మూలనున్న ముసలాయన నవ్వుతున్నట్టుంది. ముందు అరమాట వచ్చింది. దగ్గాను.

కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

"మావ మా ఇంట్లో ఒక్క గ్లాసు తెల్లగా ఉండనివ్వలేదు," అన్నాను. "సంతకి బండి కట్టాక గానీ ఆయనకి తువ్వాలు ఎక్కడ పెట్టాడో గుర్తొచ్చేది కాదు. పక్కన పడుకుంటే గురకకి ఎద్దులు లేచి నిలబడేవి. పొగడమంటే చెమటలు పట్టేవి. చేతకానిది చేతకాదని ముందే చెప్పాడు, మేమే వినలేదు. ఎవరి తప్పు ఎవరిదో చెప్పడం రాదు. అడిగినా చెప్పడు. మొండివాడు..."

కులపెద్ద నావైపు అదోలా చూస్తున్నాడు. చావింట్లో ఇదేం మాటన్నట్టు ఎవరో గొణిగారు. కూచోబోయాను.

రాట దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూచున్న అక్క తలెత్తింది. కళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతు మాత్రం మా కొట్టు ముందు చింతపండు తట్ట దగ్గర కూచున్నప్పటి గొంతే.

"ఆగిపోనావేటి బావూ? ఇంకా సెప్పు. ఇంత బేగి ఒగ్గేస్తారేటి బేరం?"